నడుము నొప్పి మళ్లీ రాకుండా కైరోప్రాక్టిక్‌ను ఎలా వాడుకోవాలి

నేను విశాఖపట్నం ఎంవీపీ కాలనీ ప్రాంతంలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. రుషికొండ ఐటీ కార్యాలయాల్లో రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చునే యువకులు, ఉక్కు కర్మాగారంలో షిఫ్టులు చేసి పదవీ విరమణ పొందిన పెద్దలు, వారిని వెంటబెట్టుకొని వచ్చే ఇంటివారు దాదాపు ఒకే ప్రశ్న అడుగుతున్నారు: “నొప్పి లేనప్పుడే నెలకోసారి వెన్నెముక సరిచేయించుకుంటే ఇక నడుము నొప్పే రాదట, నిజమేనా అండీ?” ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పిన జవాబునే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ముందుగా సూటిగా చెప్పవలసింది ఒకటి ఉంది. ఎన్నడూ నడుము నొప్పి ఎరగని మనిషికి కైరోప్రాక్టిక్ (వెన్నెముకను చేతులతో తోసి సరిచేసే పద్ధతి) వల్ల భవిష్యత్తులో నొప్పి రాకుండా ఉంటుందని నిరూపించిన గట్టి ఆధారం లేదు. నొప్పి వచ్చి తగ్గి, మళ్లీ మళ్లీ తిరగబెట్టే కొందరికి మాత్రం, నడక, వ్యాయామాలతో కలిపి పరిమితంగా వాడుకుంటే కొంత మేలు ఉంది. ఆ కొందరిలో మీరున్నారో లేదో తేల్చుకోవడం, ఉంటే ప్రమాదం లేకుండా వాడుకోవడం, లేకపోతే ఆ డబ్బూ సమయమూ మరోచోట పెట్టడం ఎలాగో ఈ కింది దశల్లో వివరిస్తాను.

సిద్ధాంతం రెండు మాటల్లో ముగిస్తాను. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్ పట్టణంలో డేనియల్ డేవిడ్ పామర్ మొదలుపెట్టిన ఈ పద్ధతిలో, వెన్నుపూసల మధ్య కీళ్లను చేతులతో పట్టి, చిన్న దూరంలో, వేగంగా ఒక తోపు ఇస్తారు. దీన్నే సర్దుబాటు అంటారు. అప్పుడు వినిపించే ‘టక్’ అనే శబ్దం మనం మెటికలు విరిచినప్పుడు వచ్చే శబ్దం వంటిదే. అది కీలులోని ద్రవంలో వాయువు వల్ల పుట్టేది, తప్పిన ఎముక తిరిగి చోటు చేరిన శబ్దం కాదు. శబ్దం వచ్చినంత మాత్రాన పని జరిగిందనీ, రాకపోతే జరగలేదనీ అనుకోకండి. ఇలా తోయడం వల్ల కీలు చుట్టూ ఉన్న బిగువు కొంతసేపు సడలి, కదలిక తేలికై, నొప్పి తగ్గినట్లు అనిపిస్తుంది. ఆ తేలికైన సమయంలో మీరేం చేస్తారన్నదే మిగతా ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

కావలసినవి

ఒక చిన్న నోటు పుస్తకం, సెకన్ల ముల్లున్న గడియారం లేదా ఫోను, చేతులు లేని గట్టి కుర్చీ ఒకటి, నేల మీద పరచుకోవడానికి చాప లేదా మందపాటి దుప్పటి, వంగడానికి అడ్డురాని వదులైన నూలు బట్టలు ఉంటే చాలు. వీటితో పాటు మీరు వాడుతున్న మందుల చీటీ, పాత ఎక్స్‌రే, ఎంఆర్ఐ నివేదికలు ఒక సంచిలో పెట్టుకోండి. రక్తం పలుచబడే మందులు, ఏళ్ల తరబడి వాడిన స్టెరాయిడ్లు మందుల చీటీలో ఉంటే వాటి కింద గీత గీయండి. రోజుకు అరగంట ఖాళీ కావాలి. ఈ అరగంట దొరకదనుకునేవారికి నెలకోసారి చేయించుకునే సర్దుబాటు వల్ల ఒరిగేది చాలా తక్కువ.

1. మీరు ఏ కోవకు చెందుతారో తేల్చుకోండి

నోటు పుస్తకం మొదటి పేజీలో గడచిన ఏడాదిలో నడుము లేదా మెడ ఎన్నిసార్లు పట్టేసిందో, ఒక్కోసారి ఎన్ని రోజులు ఉందో, ఏ పని చేస్తుండగా మొదలైందో గుర్తున్నంతవరకు రాయండి. ఒక్కసారి కూడా రాలేదా? అయితే మీకు కైరోప్రాక్టిక్ అవసరం లేదు, నేరుగా 7వ దశకు వెళ్లండి. ఇప్పుడు నొప్పి ఉంది, మొదలై ఆరు వారాలు దాటలేదు అంటే అది చాలామందికి దానంతట అదే తగ్గుముఖం పట్టే రకం. ఏడాదిలో రెండు మూడు సార్లు తిరగబెడుతోందంటే ఈ వ్యాసం ప్రధానంగా మీకోసమే.

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా చూస్తుంటాను. ఎంఆర్ఐ నివేదికలో ‘డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు) ఉబ్బింది’ అని ఉన్నందుకే, నొప్పి లేకపోయినా, భయపడి చికిత్సకు పరుగెత్తుతారు. ఏ నొప్పీ లేని మనుషులకు తీసిన చిత్రాలను 2015లో ఒకచోట చేర్చి పరిశీలించినప్పుడు, 20 ఏళ్ల వయసువారిలో సుమారు 30 శాతం మందికి, 80 ఏళ్లవారిలో సుమారు 84 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. తల నెరసినట్లే డిస్కు కూడా మారుతుంది. నివేదికలోని మాటకు కాక, మీ ఒంట్లోని నొప్పికీ బలహీనతకూ చికిత్స చేయించుకోండి.

2. వెళ్లకూడని పరిస్థితులు ఉన్నాయేమో చూసుకోండి

ఈ దశను దాటవేయవద్దు. కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎవరి చేతా వెన్నెముకను తోయించుకోకూడదు, ముందు వైద్యుడిని కలవాలి.

మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మల విసర్జనపై అదుపు తప్పడం, సైకిల్ సీటు తగిలే భాగంలో స్పర్శ తెలియకపోవడం, కాలు లేదా పాదం బలం తగ్గి నడుస్తుంటే చెప్పు జారిపోవడం వంటివి వెన్నెముక కింది చివర ఉండే నరాల గుత్తి నలుగుతోందనడానికి గుర్తులు. వీటికి గంటల లెక్క ఉంటుంది కనుక తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) అత్యవసర విభాగానికో, న్యూరోసర్జన్ ఉన్న దగ్గరి ఆసుపత్రికో చేరండి. జ్వరంతో కూడిన నడుము నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ రావడం, రాత్రి పడుకున్నా ఏ భంగిమలోనూ తగ్గని నొప్పి, కింద పడిన తరువాత లేదా బండి ప్రమాదం తరువాత మొదలైన నొప్పి కూడా ఇదే జాబితాలోకి వస్తాయి. ఎముకలు గుల్లబారినవారు, దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడినవారు, కీళ్లవాతం (రుమటాయిడ్) ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు తీసుకునేవారు తమ వైద్యుడు స్పష్టంగా సరేననే వరకు వేగంగా తోసే పద్ధతికి ఒప్పుకోవద్దు. గర్భిణులు తమ ప్రసూతి వైద్యురాలిని అడిగాకే ఆలోచించాలి.

మెడ గురించి వేరుగా చెప్పాలి. మెడ వెన్నుపూసల గుండా మెదడుకు రక్తం తీసుకుపోయే ధమనులు వెళ్తాయి. మెడను హఠాత్తుగా తిప్పినప్పుడు ఆ ధమని లోపలి పొర చీలి, పక్షవాతానికి దారితీసిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. ఇవి అరుదు. అయితే మరొక సంగతి గమనించాలి: ధమని అప్పటికే చీలడం మొదలైన మనిషికి మొదటి లక్షణంగా మెడ నొప్పి, తలనొప్పే వస్తాయి, ఆ మనిషి మెడ పట్టేసిందనుకొని చికిత్సకు వస్తాడు. అందువల్ల మునుపెన్నడూ లేనంత తీవ్రమైన మెడ నొప్పి లేదా తలనొప్పి, కళ్లు తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట తడబడటం, మింగలేకపోవడం, మొహం ఒకవైపు మొద్దుబారడం ఉంటే మెడపై ఎవరి చేయీ పడనివ్వకండి. అది పక్షవాతం కేసుగా భావించి ఆసుపత్రికి వెళ్లవలసిన పరిస్థితి.

నా స్వంత అభిప్రాయం అడిగితే, కేవలం నివారణ కోసమని మెడను వేగంగా తిప్పించుకోవడం ఎవరికీ నేను సూచించను. నొప్పి లేని మెడకు దాని వల్ల వచ్చే లాభం చూపలేనప్పుడు, ఎంత చిన్నదైనా ఆ ప్రమాదాన్ని కోరి తెచ్చుకోవడం ఎందుకు? సెలూన్‌లో క్షవరం అయ్యాక తల పట్టుకొని అటూ ఇటూ ‘టక్’మనిపించే అలవాటు కూడా దీనికిందికే వస్తుంది. కుర్చీలో కూర్చోగానే “మెడ విరవవద్దు బాబూ” అని ముందే చెప్పేయండి. తలకు నూనె పెట్టి మర్దన చేయించుకోవడానికి అభ్యంతరం లేదు.

3. రెండు వారాల లెక్క రాసుకోండి

చికిత్సకు ముందు మీ స్థితి ఎలా ఉందో రాసి పెట్టుకోకపోతే, తరువాత మేలు జరిగిందో లేదో మీకు మీరే చెప్పుకోలేరు. రోజూ రాత్రి పడుకునే ముందు మూడు విషయాలు రాయండి: ఆ రోజు నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత, కూర్చున్న గంటలు సుమారుగా ఎన్ని, నొప్పి వల్ల మానేసిన పని ఏదైనా ఉందా.

వారానికి ఒకసారి, ఒకే సమయంలో, ఈ రెండు పరీక్షలు చేయండి. మొదటిది, గట్టి కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద ముడిచి, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 60 నుంచి 64 ఏళ్ల మగవారు 14 కంటే తక్కువ, ఆడవారు 12 కంటే తక్కువ చేస్తే కాళ్ల బలం సగటు కంటే తగ్గినట్లు. రెండవది, నిలబడి మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి, చేతివేళ్లు కాలి మీద ఎక్కడివరకు వచ్చాయో (మోకాలు, పిక్క మధ్య, చీలమండ, నేల) రాయండి. ఉదయం లేవగానే వంగే పరీక్ష చేయవద్దు, రాత్రంతా పడుకున్నాక డిస్కులు నీరు పీల్చుకొని బిగుతుగా ఉంటాయి. కనీసం గంట ఆగండి.

4. చేసేవారిని ఎంచుకోండి

అమెరికా, బ్రిటన్ వంటి దేశాల్లో కైరోప్రాక్టర్‌కు ఏళ్ల తరబడి కళాశాల చదువు, చట్టబద్ధమైన నమోదు ఉంటాయి. మన దేశంలో డాక్టర్లకు ఉన్నట్లు ఈ వృత్తికి ప్రత్యేకమైన జాతీయ చట్టబద్ధ మండలి లేదు. కాబట్టి నాలుగు రోజుల శిక్షణ పొందినవారూ, విదేశంలో పూర్తి పట్టా పొందినవారూ ఒకే బోర్డు పెట్టుకోగలరు. ఇద్దరినీ వేరుచేసి చూసే పని మీ మీదే పడుతుంది.

ఫోన్‌లోనే అడగండి: ఎక్కడ చదివారు, ఎన్నేళ్లు చదివారు, అది పూర్తికాల కళాశాలా లేక వారాంతపు శిక్షణా? ఫిజియోథెరపీ పట్టా ఉండి, చేతులతో కీళ్లకు చేసే చికిత్సలో అదనపు శిక్షణ పొందినవారు మన నగరంలో మంచి ప్రత్యామ్నాయం. వారు తోపుతో పాటు వ్యాయామం కూడా నేర్పుతారు. తరువాత ఇది అడగండి: “నాలుగు సార్లు చేశాక గుణం కనిపించకపోతే ఏం చేస్తారు?” “ఆపి, మరో వైద్యుడి దగ్గరకు పంపుతాను” అన్నవారిని నమ్మవచ్చు.

ఎవరికి దూరంగా ఉండాలో కూడా చెబుతాను. మొదటి రోజే ముప్పై సిట్టింగుల ప్యాకేజీకి ముందుగా డబ్బు కట్టమనేవారు, రక్తపోటు, మధుమేహం, ఉబ్బసం కూడా వెన్నెముక సరిచేస్తే పోతాయనేవారు, పసిపిల్లల మెడలు తిప్పేవారు, మీరు మాట్లాడుతుండగానే వీడియో తీయడానికి ఫోను సరిచేసుకునేవారు, మీ మందులు మానేయమనేవారు ఆ కోవకు వస్తారు. గత ఏడాది ఒక యువ ఉద్యోగి ఇలాంటి ప్యాకేజీ ఒకటి కట్టి, పదకొండోసారికి కూడా నొప్పి తగ్గక, మిగిలిన డబ్బు వదులుకోవడానికి మనసొప్పక ఇంకా ఏడుసార్లు వెళ్లాడు. అతనికి కావలసింది కుర్చీ ఎత్తు మార్చుకోవడం, రోజూ నడవడం. కట్టిన డబ్బు మనిషిని ఎంతదూరం లాక్కుపోతుందో అతనిని చూశాకే నాకు పూర్తిగా అర్థమైంది.

5. మొదటి సందర్శనలో ఏం జరగాలి

మీ సంచిలోని కాగితాలన్నీ చూపండి. మంచి పరీక్షకు కనీసం ఇరవై నిమిషాలు పడుతుంది. మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టి ప్రతిచర్య చూడటం, బొటనవేళ్లను పైకి నెట్టమని బలం చూడటం, పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తి చూడటం, చర్మం మీద స్పర్శ పోల్చడం అందులో భాగాలు. ఇవేవీ లేకుండా బల్ల మీద పడుకోమంటే మర్యాదగా లేచి వచ్చేయండి. ప్రమాద సూచనలు లేనప్పుడు వెన్నెముక మొత్తానికి ఎక్స్‌రే తీయించవలసిన అవసరం సాధారణంగా ఉండదు.

చేసే ముందు ఏం చేయబోతున్నారో, ఏ ఇబ్బంది రావచ్చో మీకు అర్థమయ్యే తెలుగులో చెప్పాలి. “మెడ తప్ప నడుముకే చేయండి” అనో, “వేగంగా తోయకుండా నెమ్మదిగా కదిలించే పద్ధతి చాలు” అనో అడిగే హక్కు మీకు ఉంది. నెమ్మదిగా కదిలించే పద్ధతి పెద్ద వయసువారికి, భయపడేవారికి ఎంతో నయం. భయంతో బిగుసుకుపోయిన ఒంటి మీద తోపు వేస్తే మేలు కంటే నొప్పే ఎక్కువ.

ఇంటికి వెళ్లాక ఒకటి రెండు రోజులు ఒళ్లు నొప్పులు, కొంచెం అలసట ఉండటం సహజం. ఆ రోజు గాజువాక నుంచి మధురవాడ దాకా బండి మీద తిరిగే పనులు పెట్టుకోకండి. తేలికగా నడవండి, వేడి నీటి కాపడం పెట్టుకోండి. 48 గంటలు దాటినా నొప్పి పెరుగుతూనే ఉంటే, కొత్తగా కాలిలోకి తిమ్మిరి దిగితే, మళ్లీ చేయించుకోకుండా వైద్యుడిని కలవండి. 2వ దశలో చెప్పిన లక్షణాల్లో ఏది కనిపించినా గంట కూడా ఆగవద్దు.

6. ఎన్నిసార్లు, ఎంత కాలం

నాలుగు వారాల్లో నాలుగు నుంచి ఆరు సార్లు. అంతకు మించి ముందే ఒప్పుకోకండి. నాలుగోసారి తరువాత మీ నోటు పుస్తకం తెరిచి, నొప్పి అంకెల సగటు కనీసం రెండు తగ్గిందా, మానేసిన పని ఏదైనా మళ్లీ మొదలుపెట్టారా అని చూడండి. రెండూ లేకపోతే ఈ చికిత్స మీకు సరిపడదు, ఆపేయండి.

మేలు కనిపిస్తే, నొప్పి లేని కాలంలో కూడా అప్పుడప్పుడు వెళ్లాలా అన్న అసలు ప్రశ్న ఇప్పుడు వస్తుంది. దీనికి పనికివచ్చే ఆధారం స్వీడన్ నుంచి ఉంది. తిరగబెట్టే నడుము నొప్పి ఉండి, మొదటి సర్దుబాట్లకు గుణం కనిపించిన 328 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపును ముందే అనుకున్న వ్యవధిలో, రెండో గుంపును నొప్పి వచ్చినప్పుడే రమ్మన్నారు. 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం, ముందస్తుగా వెళ్లినవారికి ఏడాదిలో ఇబ్బంది పెట్టే నొప్పి రోజులు సగటున 12.8 తగ్గాయి, అదనంగా వెళ్లినవి సగటున 1.7 సార్లు మాత్రమే. ఏడాదికి పన్నెండు రోజులంటే కూలి పనివారికి, బండి మీద బతికేవారికి చిన్న లెక్కేమీ కాదు. కానీ ఇందులో ఎవరిని తీసుకున్నారో మరోసారి చదవండి: నొప్పి తిరగబెట్టేవారు, చికిత్సకు గుణం కనిపించినవారు. ఆ రెండూ మీకు వర్తిస్తేనే నెల నుంచి మూడు నెలలకు ఒకసారి వెళ్లడం గురించి ఆలోచించండి. వారం వారం వెళ్లమనడానికి ఈ ఫలితాలు ఆధారం కావు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుము నొప్పిపై 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు వెన్నెముక సర్దుబాటును పనికివచ్చే మార్గాల్లో ఒకటిగానే, అదీ అవగాహన, వ్యాయామం వంటి వాటితో పాటు పేర్కొన్నాయి. నడుము బెల్టులను, సాగదీసే ట్రాక్షన్‌ను మామూలుగా వాడవద్దన్నాయి. మందుల దుకాణంలో కొన్న బెల్టును రోజూ కట్టుకొని తిరిగేవారు ఈ మాటను గట్టిగా పట్టించుకోవాలి.

7. అసలు నివారణ: నడక

నా దృష్టిలో మిగతా దశలన్నీ దీనికి తోడు మాత్రమే. 2024లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించిన ఒక పరీక్షలో, ఇటీవలే నడుము నొప్పి నుంచి కోలుకున్న 701 మంది పాల్గొన్నారు. క్రమంగా పెంచుతూ నడిచినవారికి నొప్పి తిరగబెట్టడానికి పట్టిన మధ్యస్థ కాలం 208 రోజులు, ఏమీ చేయనివారికి 112 రోజులు. వారికి పెట్టిన లక్ష్యం వారానికి ఐదుసార్లు, అరగంట చొప్పున.

మొదటి రెండు వారాలు రోజుకు 10 నిమిషాలు, వారానికి నాలుగు రోజులు నడవండి. ఆ తరువాత వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచుతూ 30 నిమిషాలకు చేరండి. పక్కవారితో మాట్లాడగలిగేంత, పాట పాడలేనంత వేగం సరిపోతుంది. నోటు పుస్తకంలో రాసే నొప్పి అంకె ఆ రోజు రాత్రికి రెండు కంటే ఎక్కువ పెరిగితే, మరునాడు మానేయకుండా సగం సమయమే నడవండి.

ఎక్కడ నడవాలన్నది మన ఊళ్లో పెద్ద విషయమే. ఆర్కే బీచ్ దగ్గర బీచ్ రోడ్డు కాలిబాట బల్లపరుపుగా ఉంటుంది కనుక మొదలుపెట్టడానికి మంచిది. నీటి అంచు తడి ఇసుక మీద నడవడం హాయిగా ఉన్నా, అక్కడ నేల సముద్రం వైపు వాలుగా ఉండటం వల్ల ఒక కాలు పల్లంలో, ఒక కాలు ఎత్తులో పడుతూ, అరగంటకు తుంటి, నడుము ఒకవైపు పట్టేస్తాయి. ఇసుక మీదే నడవాలనిపిస్తే వెళ్లిన దారినే వెనక్కి రండి, రెండు వైపులా సమానంగా పడుతుంది. తెన్నేటి పార్కు వైపు ఎత్తుపల్లాలు, కైలాసగిరి మెట్లు ఆరో వారం తరువాతే. ఉక్కపోత ఎక్కువ కనుక పొద్దెక్కకముందే ముగించి, మంచినీళ్ల సీసా వెంట ఉంచుకోండి. బయటికి వెళ్లలేని పెద్దవారు డాబా మీదో, అపార్ట్‌మెంట్ వరండాలోనో పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడిచినా లెక్కే.

సింహాచలం గిరి ప్రదక్షిణ గురించి ప్రతి ఆషాఢంలో అడుగుతారు. అది 32 కిలోమీటర్ల నడక. ఏడాదంతా నడవకుండా పౌర్ణమి ముందు రోజు ఒక్కసారిగా నడిచి, మర్నాడు నా దగ్గరకు వచ్చేవారు ఎప్పుడూ ఉంటారు. ప్రదక్షిణ చేయాలనుకుంటే కనీసం పది వారాల ముందే ఈ నడక మొదలుపెట్టి, వారానికొక పొడవాటి నడకను 5 కిలోమీటర్ల నుంచి పెంచుతూ 18 నుంచి 20 వరకు తీసుకెళ్లండి. స్వామి దయ ఎలాగూ ఉంటుంది, కాళ్లను మాత్రం మనమే సిద్ధం చేసుకోవాలి.

8. మూడు వ్యాయామాలు

చాప మీద రోజు విడిచి రోజు చేయండి. ఒకటి, వెల్లకిలా పడుకొని మోకాళ్లు మడిచి, పిరుదులు బిగించి నడుమును పైకెత్తి 5 సెకన్లు ఆపడం, 10 సార్లు. నడుములో కాక పిరుదుల్లో బిగువు తెలియాలి. నడుములో తెలిస్తే తక్కువ ఎత్తండి. రెండు, చేతులు, మోకాళ్ల మీద ఉండి, కుడి చేయి, ఎడమ కాలు నేలకు సమాంతరంగా చాచి 5 సెకన్లు, తరువాత రెండో జత, ఒక్కోవైపు 6 సార్లు. వీపు మీద గ్లాసుడు నీళ్లు ఉన్నాయనుకొని, ఒలకకుండా చేయండి. మూడు, పక్కకు తిరిగి మోచేయి, మోకాలు ఆనించి తుంటిని పైకెత్తి 10 సెకన్లు, ఒక్కోవైపు 4 సార్లు. నేల మీద కూర్చోలేనివారు కుర్చీలో లేచి కూర్చునే వ్యాయామం పదేసి సార్లు, రెండు విడతలుగా చేస్తే చాలు.

వ్యాయామంతో పాటు శరీరాన్ని ఎలా వాడుకోవాలో నేర్పితే నడుము నొప్పి వచ్చే అవకాశం దాదాపు 45 శాతం తగ్గిందని 2016లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష తేల్చింది. నడుము బెల్టులు, చెప్పుల్లో పెట్టుకునే మెత్తలు నివారణకు పనిచేసిన దాఖలా అందులో కనిపించలేదు.

ఇంట్లో, పనిలో చూసుకోవలసినవి కొన్నే. 20 లీటర్ల నీళ్ల డబ్బాను దూరం నుంచి వంగి లాగకుండా, పొట్టకు ఆనించుకొని మోకాళ్లు వంచి ఎత్తండి. గ్యాస్ బండను ఎత్తడం కంటే అంచు మీద దొర్లించడం మేలు. కూరగాయల సంచి ఒక్క చేతిలోనే మోయకుండా రెండుగా పంచండి. కంప్యూటర్ ముందు అరగంటకొకసారి లేవండి. ఏ భంగిమ అయినా ఎక్కువసేపు కదలకుండా ఉంటేనే చెరుపు. ఖరీదైన కుర్చీ కూడా ఆ పని మీకు చేసిపెట్టదు.

9. ఫలితం సరిచూసుకోవడం, మళ్లీ పట్టేస్తే చేయవలసింది

ఆరో వారంలో, పన్నెండో వారంలో 3వ దశలోని పరీక్షలు అదే కుర్చీ మీద, అదే సమయంలో మళ్లీ చేయండి. లేచి కూర్చునే లెక్క రెండో మూడో పెరగడం, నెలలో నొప్పి రోజులు తగ్గడం, భయంతో మానేసిన పని ఒక్కటైనా తిరిగి చేయగలగడం మేలుకు గుర్తులు. ముందుకు వంగే కొలత మారకపోయినా దిగులు పడకండి, మూడింటిలో దాని విలువ తక్కువ. కైరోప్రాక్టిక్‌కు వెళ్తున్నవారు ఒక చిన్న పరీక్ష చేయవచ్చు: నడక, వ్యాయామాలు కొనసాగిస్తూ సందర్శనలను మూడు నెలలు ఆపి చూడండి. నొప్పి రోజులు పెరగకపోతే మీకు పనిచేస్తున్నది నడకే, ఆ ఖర్చు మిగిలినట్లే. పెరిగితే మూడు నెలలకొకసారి వెళ్లడం మీ విషయంలో సమంజసమే.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఏదో ఒక ఉదయం బక్కెట్ ఎత్తుతుండగా నడుము పట్టేయవచ్చు. అప్పుడు మొదట 2వ దశలోని లక్షణాలు చూసుకోండి. అవి లేకపోతే వెల్లకిలా పడుకొని కాళ్లు కుర్చీ మీద పెట్టి పదిహేను నిమిషాలు ఉండండి, కాపడం పెట్టండి, తరువాత లేచి ఇంట్లోనే ఐదు నిమిషాల చొప్పున రెండు గంటలకోసారి నడవండి. రోజుల తరబడి మంచం పట్టవద్దు. రెండో రోజు నడక పది నిమిషాలకు, మూడో రోజు మీరు మామూలుగా నడిచేదానిలో సగానికి తీసుకురండి. తేదీ, చేస్తున్న పని, నొప్పి అంకె నోటు పుస్తకంలో రాసి పెట్టి, వారం దాటినా అంకె దిగకపోతే ఆ పుస్తకం తీసుకొనే వైద్యుడి దగ్గరకు వెళ్లండి.